బిడియం పెద్ద గొంతుతో పాడితే: పవర్ పాప్ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

ఈరోజు మాట్లాడేది పవర్ పాప్ గురించి, అంటే గట్టిగా మోగే గిటార్ల మీద తీయటి బాణీ కట్టిన చిన్న పాటల గురించి. 1972లో వచ్చిన రెండు ఎల్పీ రికార్డుల గురించి చెప్పి మొదలుపెడతాను. మొదటిది జెథ్రో టల్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ వేసిన ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’. అందులో ఉన్నది ఒకటే పాట. ఒకవైపంతా అదే, తిరగేసి పెడితే రెండోవైపూ అదే. మొత్తం నలభై నిమిషాల పైమాటే. రెండోది అమెరికాలోని క్లీవ్‌లాండ్ కుర్రాళ్ళు నలుగురు రాస్ప్‌బెర్రీస్ అనే పేరుతో వేసిన తొలి రికార్డు. దాని మీద ఒక స్టిక్కర్ ఉండేది. గోటితో గీకితే రాస్ప్‌బెర్రీ పండు వాసన వచ్చేది. రాక్ బ్యాండ్లన్నీ జీన్సులు, గడ్డాలు, పొడుగు జుట్టుతో తిరుగుతున్న రోజుల్లో వీళ్ళు నలుగురూ ఒకేరకం సూట్లు వేసుకుని స్టేజీ ఎక్కారు.

అప్పట్లో రాక్ సంగీతం పెద్దరికం కోసం తాపత్రయపడుతోంది. పాటల పొడవు పెరిగింది, గిటార్ సోలోలు పెరిగాయి, అట్ట మీద బొమ్మకు కూడా లోతైన అర్థం వెతుక్కోవలసి వచ్చేది. ఆ సంగీతం మీద నాకు కోపం లేదు. జెథ్రో టల్ రికార్డు నేను ఇష్టంగానే వింటాను. కానీ అంత బరువైన కాలంలో పండు వాసన స్టిక్కర్ అంటించుకుని జనం ముందుకు వచ్చినవాళ్ళంటే నాకు ప్రాణం. వాళ్ళ రికార్డులో మొదటి పాట ‘గో ఆల్ ద వే’. ముందు వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

(పాట మొదటి నిమిషం వినిపించారు.)

మొదట్లో ఏం జరిగిందో గమనించారా? గిటార్ మన మీదకు దూకుతుంది, డ్రమ్స్ విరుచుకుపడతాయి. ఎవరో పోట్లాటకు వస్తున్నారనుకుంటాం. అంతలో ఆ మోత చప్పున తగ్గిపోయి ఎరిక్ కార్మెన్ గొంతు మెత్తగా, దాదాపు చెవిలో చెబుతున్నట్టు వినబడుతుంది. వెనకాల మిగతావాళ్ళు బీచ్ బాయ్స్ తరహాలో స్వరాలు కలుపుతారు. పల్లవి దగ్గరికి రాగానే గొంతులన్నీ ఒక్కసారి లేస్తాయి. ఇంకాస్త ముందుకు వెళితే ‘కమాన్’ అని ఒకరు పిలవడం, మిగతావాళ్ళు అదే మాట తిరిగి అనడం ఉంటుంది. అది బీటిల్స్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ నుంచి తెచ్చుకున్న పద్ధతి. ఆ అప్పును వాళ్ళు దాచుకోలేదు. ఈ పాట అమెరికా చార్టులో 5వ స్థానం దాకా వెళ్ళింది.

పవర్ పాప్ నాకెందుకు ఇష్టమో ఈ ఒక్క నిమిషంలో ఉంది. ఇందులో చెప్పవలసిన మాట చాలా చిన్నది, పైగా చెప్పడానికి సిగ్గేసేది. నువ్వంటే నాకిష్టం, నీకూ నేనంటే ఇష్టమైతే బాగుండు. అంతే. ఆ మాట ఎదుటపడి చెప్పాలంటే కాళ్ళు వణుకుతాయి, గొంతు తడారిపోతుంది. ఆ ధైర్యం గిటార్ ఇస్తుంది. ఆంప్లిఫయర్ గట్టిగా పెట్టుకుని, వెనకాల డ్రమ్స్ అండ చూసుకుని, బిడియస్తుడు పెద్ద గొంతుతో పాడేస్తాడు. ఆ మోత ఎదుటివాళ్ళను భయపెట్టడానికి కాదు, తనకు ధైర్యం తెచ్చుకోవడానికి. హెవీ మెటల్‌కూ దీనికీ తేడా నాకు అక్కడ కనబడుతుంది. వాల్యూమ్‌లో పెద్ద తేడా ఉండదు.

పవర్ పాప్ అనే పేరు తెచ్చినవాడు ద హూ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్. 1967లో, ‘పిక్చర్స్ ఆఫ్ లిలీ’ పాట విడుదలైన రోజుల్లో ఒక ఇంటర్వ్యూలో, తాము వాయించేది పవర్ పాప్ అన్నాడు. స్మాల్ ఫేసెస్ వాయించినదీ, ‘ఫన్, ఫన్, ఫన్’ రోజుల్లో బీచ్ బాయ్స్ వాయించినదీ అదేనని చెప్పుకొచ్చాడు. ఆ మాటలో అప్పటికే వెనక్కి తిరిగి చూసుకోవడం ఉంది. ఎందుకంటే బీచ్ బాయ్స్ ఆ రోజులు దాటి చాలా దూరం వెళ్ళిపోయారు. బీటిల్స్ అదే వేసవిలో ‘సార్జంట్ పెప్పర్స్’ విడుదల చేశారు. టౌన్‌షెండ్ కూడా రెండేళ్ళు తిరగకుండా ‘టామీ’ అనే రాక్ ఒపెరా రాశాడు. పేరు పెట్టినవాడే ఇల్లు మారిపోయాడు. 1964, 65ల నాటి ఆ ఉత్సాహాన్ని అలాగే నిలబెట్టుకోవాలనుకున్నవాళ్ళు తర్వాత వచ్చారు. వాళ్ళలో చాలామంది ఆ పాటలు విడుదలైన రోజుల్లో స్కూలు పిల్లలు, రేడియోకు చెవులు అప్పగించి విన్నవాళ్ళు.

ఇప్పుడు కాస్త పనితనం విషయాలు మాట్లాడుకుందాం. ఈ పాటలు సరదాగా ఉంటాయి కాబట్టి సులువుగా తయారవుతాయని చాలామంది అనుకుంటారు.

పన్నెండు తంత్రుల గిటార్ సంగతి తీసుకోండి. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ 1964లో రికెన్‌బ్యాకర్ పన్నెండు తంత్రుల గిటార్ వాయించాడు. ‘ఎ హార్డ్ డేస్ నైట్’ పాట మొదట్లో ఒక్కసారిగా మోగే ఆ శబ్దం అందరికీ తెలిసిందే. ఈ గిటార్‌లో తంత్రులు జంటలుగా ఉంటాయి. కింది శ్రుతి జంటలు నాలుగింటిలో ఒక తంత్రి మామూలు స్థాయిలో, రెండోది పై స్థాయిలో మోగుతాయి. మిగతా రెండు జంటలదీ ఒకే శ్రుతి. ఒక్క మనిషి వాయించినా ఇద్దరు వాయించినట్టు, అంచుల దగ్గర మెరుపు అంటుకున్నట్టు వినబడుతుంది. ఆ పాట పేరుతోనే వచ్చిన బీటిల్స్ సినిమా చూసే రోజర్ మెగ్విన్ ఆ గిటార్ పట్టుకున్నాడు, ద బర్డ్స్ బ్యాండ్‌కు ఆ శబ్దమే గుర్తింపు అయింది. ఇంగ్లిష్‌లో దీన్ని జాంగిల్ అంటారు. పవర్ పాప్ గిటార్లు ఎంత గట్టిగా మోగినా లోపల ఈ జాంగిల్ ఉంటుంది. శబ్దం గరుకుగా ఉన్నా మురికిగా ఉండదు.

రెండో సంగతి వాయించి చూపిస్తాను.

(గిటార్ మీద ఎఫ్ మేజర్, ఎఫ్ మైనర్, సి మేజర్ వరుసగా వాయించారు.)

ఇది సి మేజర్‌లో ఉన్న పాట అనుకోండి. సి అంటే మనకు షడ్జమం. ముందు వాయించిన ఎఫ్ మేజర్ కార్డులో, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులో, మధ్యమం, చతుశ్రుతి ధైవతం, పై షడ్జమం ఉన్నాయి. రెండోసారి నేను ఒక్క వేలు మాత్రం కదిపాను. చతుశ్రుతి ధైవతం అర మెట్టు దిగి శుద్ధ ధైవతం అయింది. మిగతాదేమీ మారలేదు. కానీ గది మొత్తం ఒక్క క్షణం మసకబారినట్టు అనిపించింది కదా? వెంటనే సి మేజర్‌కు వచ్చేసరికి మళ్ళీ వెలుగు. మేజర్ పాటలో నాలుగో కార్డును ఇలా మైనర్ చేయడం బీటిల్స్‌కు చాలా ఇష్టం. 1965లో వచ్చిన ‘ఇన్ మై లైఫ్’లో ఇదే మలుపు వినవచ్చు. పవర్ పాప్ వాళ్ళు దీన్ని వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు. సంతోషంగా పరిగెత్తుతున్న పాటలో ఒక్క క్షణం ‘ఆమె కాదంటే?’ అనే టెన్షన్ తొంగిచూస్తుంది. పాట మాత్రం ఆగదు. ఈ పాటల్లో పాడేవాడి బాధను వాడు ఏడ్చి చెప్పడు. కార్డు చెబుతుంది, డ్రమ్స్ వాడిని ముందుకు తోసేస్తాయి.

చప్పట్లు, వెనకాల గొంతులు, పల్లవికి ముందు డ్రమ్స్ వేసే చిన్న ఫిల్, వీటి గురించి విడిగా చెప్పక్కర్లేదు. వినగానే తెలుస్తాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టానికి వస్తాను. చీప్ ట్రిక్ అనే బ్యాండ్‌ది ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్. ఆ నలుగురిలో ఇద్దరు సినిమా హీరోల్లా ఉండేవాళ్ళు. మిగతా ఇద్దరిలో గిటారిస్టు రిక్ నీల్సన్ టోపీ, బో టై పెట్టుకుని స్టేజీ మీద గంతులు వేసేవాడు. డ్రమ్మర్ బన్ ఇ. కార్లోస్‌ను చూస్తే లెక్కలు రాసే గుమాస్తా అనుకుంటారు. 1977లో వచ్చిన ‘ఇన్ కలర్’ రికార్డు అట్ట చూడండి. ముందువైపు అందగాళ్ళిద్దరూ మోటార్‌సైకిళ్ళ మీద, రంగుల్లో. వెనకవైపు మిగతా ఇద్దరూ సైకిళ్ళ మీద, నలుపు తెలుపులో. ఒక బ్యాండ్ తనను తాను ఇంత తేలిగ్గా తీసుకోవడం నాకు ఎంతో హాయిగా ఉంటుంది.

ఆ రికార్డులో ‘ఐ వాంట్ యూ టు వాంట్ మీ’ అనే పాట ఉంది. స్టూడియోలో దాన్ని నెమ్మదిగా, పాతకాలపు నాటకశాల పియానో హంగులతో చేశారు. అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు. 1978 ఏప్రిల్‌లో వాళ్ళు జపాన్ వెళ్ళారు. అక్కడ వాళ్ళకు పిచ్చి అభిమానులు. టోక్యోలో నిప్పాన్ బుడోకాన్ అనే పెద్ద హాల్లో ఇదే పాటను వేగం పెంచి, గిటార్లు గట్టిగా పెట్టి వాయించారు. ఆ కచేరీ రికార్డును మొదట జపాన్‌లో మాత్రమే అమ్ముదామనుకున్నారు. కానీ దిగుమతి కాపీల కోసం అమెరికా జనం ఎగబడడంతో 1979లో అక్కడా విడుదల చేశారు. ఆ పాట అమెరికా చార్టులో 7వ స్థానానికి చేరింది.

(పాట మొదటి నిమిషంన్నర వినిపించారు.)

గాయకుడు రాబిన్ జాండర్ పాట పేరును ఒక్కొక్క మాటగా, ఆగి ఆగి చెప్పాడు. ఇంగ్లిష్ అందరికీ రాకపోయినా అర్థం కావాలన్నట్టు. పాట మొదలయ్యాక, ఒక చరణం చివర ‘ఏడుస్తూ’ అనే అర్థం వచ్చే మాట దగ్గర వేలమంది అమ్మాయిలు ఆ మాటనే తిరిగి అరిచారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు, సరిగ్గా తాళంలో. స్టూడియో రికార్డులో ఆ అరుపులు లేవు, ఉండే వీలూ లేదు. నువ్వు నన్ను కోరుకోవాలని నేను కోరుకుంటున్నాను అని ఒకడు పాడాడు, హాలు మొత్తం జవాబు చెప్పింది. తనను ఇష్టపడమని అడిగే పాటకు ఇంతకంటే ఏం కావాలి?

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ పాటల్లో కుర్రాడు అమ్మాయిని ఏం అడుగుతున్నాడో, పాట మనల్ని అదే అడుగుతుంది. నన్ను మెచ్చుకోమనీ, నా తెలివికి ఆశ్చర్యపొమ్మనీ కాదు, నేను నీకు నచ్చాలని. ఆ కోరికను దాచుకోదు, దానికి వేరే గొప్ప పేరు పెట్టదు. ఆడంబరం లేకపోవడమంటే నా దృష్టిలో ఇదే. తక్కువ కష్టపడడం కాదు. పడిన కష్టానికి మన దగ్గర గౌరవం వసూలు చేయకపోవడం.

అడిగినవాళ్ళందరికీ జవాబు రాలేదు. మెంఫిస్‌లో బిగ్ స్టార్ అనే బ్యాండ్ ఉండేది. ఆ పేరు వాళ్ళు రికార్డింగ్ చేసుకునే ఆర్డెంట్ స్టూడియో ఎదురుగా ఉన్న కిరాణా సూపర్‌మార్కెట్ బోర్డు నుంచి తీసుకున్నది. అందులో పాడే అలెక్స్ చిల్టన్ పదహారేళ్ళ వయసులో, 1967లో, ద బాక్స్ టాప్స్ బ్యాండ్‌తో ‘ద లెటర్’ పాడి అమెరికాలో నంబర్ వన్ కొట్టినవాడు. అతనికి తోడు క్రిస్ బెల్, ఆండీ హమ్మెల్, జోడీ స్టీఫెన్స్. 1972లో వాళ్ళ తొలి రికార్డు వచ్చింది. దానికి ‘నంబర్ వన్ రికార్డ్’ అని పేరు పెట్టారు. పత్రికల్లో విమర్శకులు ఆకాశానికెత్తారు. కానీ పంపిణీ సరిగా జరగక దుకాణాలకు సరుకే చేరలేదు. సమీక్ష చదివి కొనుక్కుందామని వెళ్ళినవాళ్ళకు రికార్డు దొరకలేదు. క్రిస్ బెల్ బ్యాండ్ వదిలేశాడు. 1978 చివర్లో కారు ప్రమాదంలో చనిపోయాడు, ఇరవయ్యేడేళ్ళకే.

బెల్ వెళ్ళిపోయాక మిగిలిన ముగ్గురూ 1974లో ‘రేడియో సిటీ’ విడుదల చేశారు. ‘సెప్టెంబర్ గర్ల్స్’ అందులోదే. నాకు తెలిసిన పాటల్లో ఇంత తక్కువ నిడివిలో ఇంత నిండుగా ఉన్నది మరొకటి లేదు. మూడు నిమిషాలు కూడా పట్టదు. గిటార్ మొదటి దెబ్బకే గంటల్లా మోగుతుంది. చిల్టన్ గొంతు మాత్రం ఆ మోతకు తగ్గట్టు ధీమాగా ఉండదు, కాస్త వంగినట్టుంటుంది, పై స్వరాల దగ్గర పెళుసుగా మారుతుంది. మాటల్లో ఓడిపోయిన మనిషి, వాద్యాల్లో గెలిచిన మనిషి ఒకే పాటలో పక్కపక్కన నడుస్తారు. ఇదీ అమ్ముడుపోలేదు. కానీ విన్న కొద్దిమంది వదిలిపెట్టలేదు. ద బాంగిల్స్ 1986లో ఈ పాటను తమ ‘డిఫరెంట్ లైట్’ ఆల్బంలో పాడారు, ఆ ఆల్బం లక్షల ఇళ్ళకు వెళ్ళింది. ద రీప్లేస్‌మెంట్స్ 1987లో ఏకంగా ‘అలెక్స్ చిల్టన్’ అనే పాటే కట్టారు. 1993లో బిగ్ స్టార్‌ను మళ్ళీ నిలబెట్టినప్పుడు చిల్టన్, స్టీఫెన్స్‌లకు తోడుగా వచ్చినవాళ్ళు ద పోసీస్ బ్యాండ్ కుర్రాళ్ళు, ఆ రికార్డులు విని పెరిగినవాళ్ళు.

ఈ పాటల మీద ఎప్పుడూ వచ్చే ఆరోపణ ఒకటుంది. లోకం తగలబడుతుంటే మీరు అమ్మాయిల గురించి పాడుకుంటారా అని. దీనికి జవాబు ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో ఉంది. 1978లో ఆ ఊరి వీధుల్లో బ్రిటిష్ సైనికులున్నారు, బాంబులున్నాయి, చావులున్నాయి. అక్కడ ఐదుగురు కుర్రాళ్ళు ది అండర్‌టోన్స్ అనే బ్యాండ్ పెట్టి ‘టీనేజ్ కిక్స్’ పాడారు. రెండున్నర నిమిషాల పాట, పక్కవీధి అమ్మాయి మీద ఇష్టం తప్ప అందులో ఇంకేమీ లేదు. బీబీసీ రేడియోలో జాన్ పీల్ ఆ పాటను వరసగా రెండుసార్లు వేశాడు. ఆయన పోయాక సమాధి రాయి మీద చెక్కింది ఆ పాటలోని మాటలే. బయట ఏం జరుగుతోందో ఆ కుర్రాళ్ళకు తెలియక కాదు, ఆ గొడవ మధ్యనే వాళ్ళు పెరిగారు. పదిహేడేళ్ళ వయసు మాకూ ఉంది, అది కూడా నిజమే అని చెప్పడం వాళ్ళకు అవసరమైంది. వాళ్ళ గాయకుడు ఫియర్గల్ షార్కీ వణికే గొంతు వింటే దాన్ని పలాయనం అనబుద్ధి కాదు.

రెండో ఆరోపణ, ఇదంతా అనుకరణ అని. ఇందులో కొంత నిజముంది. 1979లో ద నాక్ అనే లాస్ ఏంజిలిస్ బ్యాండ్ ‘మై షరోనా’తో ఆరు వారాలు అమెరికాలో నంబర్ వన్‌గా నిలిచింది. ఆ పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న వరసను, అంటే రిఫ్‌ను, గిటార్, బేస్, డ్రమ్స్ మూడూ కలిసి గుద్దుతాయి. వినగానే కాలు ఊరుకోదు. దాంతో రికార్డు కంపెనీలన్నీ ద నాక్ లాగే సన్న టైలు కట్టుకున్న కుర్రాళ్ళ వెంటపడ్డాయి. వాళ్ళలో చాలామందికి టై ఉంది, పాట లేదు. జనానికి మొహం మొత్తింది, ద నాక్‌కు వ్యతిరేకంగా టీషర్టులు కూడా అచ్చయ్యాయి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పాటల్లో చూపు ఎక్కువగా అబ్బాయిదే, కొన్నింట్లో ఆ చూపు ఈరోజు వింటుంటే ఇబ్బందిగా ఉంటుంది. ‘మై షరోనా’ మాటలు నాకు అలాంటివే. అందుకే ద గో-గోస్ నాకు ముఖ్యం. 1981లో వచ్చిన వాళ్ళ ‘బ్యూటీ అండ్ ద బీట్’ ఆరు వారాలు అమెరికా ఆల్బం చార్టులో మొదటి స్థానంలో ఉంది. తమ పాటలు తామే రాసుకుని, వాద్యాలు తామే వాయించుకునే మహిళల బ్యాండ్ అక్కడికి చేరడం అదే మొదటిసారి. ఆ సరదా అబ్బాయిల సొత్తు కాదని వాళ్ళు వాయించి చూపించారు.

ఈ పని ఎంత కష్టమో తెలియాలంటే ఆడమ్ ష్లెసింజర్‌ను తలుచుకోవాలి. ఫౌంటెన్స్ ఆఫ్ వేన్ బ్యాండ్‌లో ఒకడు. టామ్ హాంక్స్ దర్శకత్వం వహించిన 1996 సినిమా ‘దట్ థింగ్ యూ డూ!’ కోసం అదే పేరుతో పాట రాసింది ఇతనే. 1964లో ఒక చిన్న ఊరి బ్యాండ్ ఒకే ఒక్క హిట్‌తో పైకి రావడం ఆ సినిమా కథ. కాబట్టి పాట ఆ కాలానిదే అని నమ్మించాలి, నిజంగానే హిట్ అయ్యుండేదని నమ్మించాలి. అన్నిటికీ మించి, సినిమాలో పదేపదే వినబడుతుంది కాబట్టి ప్రేక్షకులకు విసుగు రాకూడదు. సినిమా చూస్తే, ప్రతిసారీ ఆ డ్రమ్స్ మొదలుకాగానే మనకు సంతోషం వేస్తుంది. ఆ పాట ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ష్లెసింజర్ 2020 ఏప్రిల్ 1న కోవిడ్‌తో చనిపోయాడు, 52 ఏళ్ళకు. ఆ వారం రోజులూ నేను ఆయన పాటలు తప్ప ఇంకేమీ వినలేకపోయాను. ఏడిపించే పాటలు కావు అవి. అయినా మనసుకు వేరేవి పట్టలేదు.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: ఇవేవీ వినని మనిషి ఎక్కడ మొదలుపెట్టాలండీ?)

మంచి ప్రశ్న. ఆల్బం కావాలంటే టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ అనే స్కాట్లండ్ బ్యాండ్‌ది ‘బ్యాండ్‌వాగనెస్క్’ తీసుకోండి. 1991లో వచ్చింది. నిర్వాణ బ్యాండ్ ‘నెవర్‌మైండ్’తో సంచలనం రేపిన ఏడాది అది, అయినా స్పిన్ పత్రిక ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బంగా దీన్నే ఎంచింది. బిగ్ స్టార్ రికార్డులు దుకాణాలకు చేరకపోయినా వీళ్ళకు చేరాయని వినగానే తెలుస్తుంది. వీజర్ తొలి ఆల్బం మీలో కొందరు వినే ఉంటారు, 1994ది. దాన్ని ప్రొడ్యూస్ చేసింది ద కార్స్ బ్యాండ్ రిక్ ఒకాసెక్. వినే ఉంటే మీరు పవర్ పాప్‌లో అప్పటికే ఉన్నట్టు.

ఒక్క పాట చాలంటే మాత్రం, డిట్రాయిట్ బ్యాండ్ ద రొమాంటిక్స్‌ది ‘వాట్ ఐ లైక్ అబౌట్ యూ’. మూడే కార్డులు, చప్పట్లు, మధ్యలో మౌత్ ఆర్గన్. పాడేది డ్రమ్స్ వాయించే మనిషే, జిమ్మీ మారినోస్. డ్రమ్స్ బాదుతూ ఊపిరి అందకుండా పాడుతున్నాడని గొంతులో తెలిసిపోతుంది. దాన్నే ఇప్పుడు పూర్తిగా పెడుతున్నాను. స్పీకర్లు మరీ దగ్గరగా ఉన్నాయనుకుంటే ముందు వరసవాళ్ళు వెనక్కి జరగండి. సౌండ్ మాత్రం తగ్గించను.